మోటారు గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం

సున్నపుమిట్ట ఊళ్ళో కరెంటు తెల్లవారుజామున వస్తుంది. వచ్చిన కాసేపటికే పోతుంది. పోవడం మాత్రం ఏనాడూ తప్పలేదు, ఆ ఊళ్ళో అంత నమ్మకంగా జరిగే పని ఇంకొకటి లేదు. ఆ కాసేపట్లోనే చెరువుగట్టు పంపుహౌసులో మోటారు తిరగాలి, మిట్ట మీది ట్యాంకుకి నీళ్ళెక్కాలి, అక్కణ్ణుంచి వీధివీధికీ పంచుకుంటూ చిట్టచివరి గానుగవీధి దాకా చేరాలి. ఇందులో ఏ ఒక్కటి ఆలస్యమైనా గానుగవీధి వాళ్ళ కొళాయిల్లోంచి గాలి వస్తుంది. ఆ గాలికి ఒక కూత కూడా ఉంటుంది. వీధిలో పసిపిల్లలకి సైతం ఆ కూత తెలుసు.

మన మాలకొండయ్యది గానుగవీధే. జలయంత్ర మేధావికాస మండలిలో ఇంజనీరు. ఆ మండలి పేరు విని కంగారుపడకండి, ఊరి బయట చౌకగా భూమి దొరికిందని పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. అందులో జలం ఉండేది కాదు గానీ విభాగాలు చాలా ఉండేవి.

మాలకొండయ్య పంపుహౌసులో ఒక పెట్టె అమర్చాడు. పెట్టెలో చిన్న కంప్యూటరు. దాని లోలోపల కెర్నెల్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. ఇంట్లో అందరికన్నా ముందు లేచి మిగతావాళ్ళని లేపే ఇల్లాలి పని దానిది. పెట్టెకి తగిలించిన ప్రతి పరికరానికీ దాని భాష తెలిసిన మరో చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. గడియారానికొకటి, ట్యాంకులో నీటిమట్టం చూసే కొలతగొట్టానికొకటి, వాల్వుకొకటి, సైరన్‌కొకటి, మోటారుకొకటి, తెరకొకటి, రాజధానికి లెక్క పంపే లింకుకొకటి. కరెంటు వచ్చిన ప్రతిసారీ కెర్నెల్ వీటిని ఒకదాని తర్వాత ఒకటి లేపాలి.

ఎవరిని ముందు లేపాలన్నదే అసలు సంగతి. గడియారం లేవకపోతే ఎవరికీ టైము తెలియదు. కొలతగొట్టం లేవకపోతే ట్యాంకు నిండి ఉందో ఎండి ఉందో మోటారుకి తెలియదు. తెలియకుండా తిరగనని అది మొండికేస్తుంది. వాల్వు తెరవకుండా మోటారు తిరిగితే పైపు పగులుతుంది. అన్నీ లేచి, నీళ్ళు పారడం మొదలయ్యాక, ఇన్ని పారాయని రాజధానికి చెప్పడానికి లింకు ఆఖర్న లేస్తుంది. పారకముందే లేచి అది మాత్రం ఏం చెబుతుంది? ఈ వరుస మాలకొండయ్య సొంతంగా పెట్టింది కాదు. నీళ్ళ స్వభావమే అంత.

పెట్టె పెట్టే ముందు అతను గానుగవీధిలో ఇల్లిల్లూ తిరిగి మాటిచ్చాడు. "ఇంక ట్యాంకరు పెద్దమనిషిని బతిమాలక్కర్లేదు, కొళాయి తిప్పితే నీళ్ళొస్తయ్, నాది పూచీ" అన్నాడు. వీధివాళ్ళు ట్యాంకరు మానేశారు. ట్యాంకరాయన అలిగి వేరే పేటలకి మళ్ళాడు. నీళ్ళు మాత్రం నిజంగానే వచ్చాయి. ఆ చలికాలమంతా మాలకొండయ్య భార్య శేషుకుమారి వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు పిలిచి మరీ కరివేపాకు ఇచ్చారు.

అప్పుడు డైరెక్టర్ గజపతిరావు గారు పంపుహౌసు చూడటానికి వచ్చారు.

చూడటానికంటే ఫోటో దిగడానికని చెప్పాలి. సరిగ్గా ఆయన వచ్చిన వేళకి కరెంటు వచ్చింది. పెట్టె మేలుకుంది. తెర మీద ఒక్కో పేరూ పడసాగింది: గడియారం సిద్ధం, తెర సిద్ధం, కొలతగొట్టం సిద్ధం, వాల్వు సిద్ధం, సైరన్ సిద్ధం, మోటారు సిద్ధం. అన్నిటి కింద, లింకు సిద్ధం.

డైరెక్టర్ గారు సర్వీసు మొత్తంలో లెక్కలేనన్ని ఆహ్వాన పత్రికలు చదివినవారు. పత్రిక చేతికిస్తే పెళ్ళెవరిదో చూడరు, శంకుస్థాపన దేనికో చూడరు. తన పేరు ఎన్నో వరుసలో వేశారన్నదే చూస్తారు. ఆ చూపుతోనే తెరనీ చూశారు.

"ఏమయ్యా, ఈ లింకు ఎవరి విభాగం?"

"తమ స్వీయ పర్యవేక్షణలోదే సార్."

"సైరన్?"

"స్టోర్సు వాళ్ళది సార్."

"అంటే స్టోర్సు సైరన్ పైన, రాజధానితో నేరుగా మాట్లాడే నా లింకు కింద! అదీ చిట్టచివర! వందన సమర్పణ చేసేవాడి పేరు వేసే చోట!" ఆయన మొహం కందగడ్డయింది. ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

"సార్, అది పేర్లు వేసిన వరుస కాదండీ, లేచే వరుస. నీళ్ళు పారకపోతే లింకుకి చెప్పడానికేమీ..."

"చూడు మాలకొండయ్యా. నువ్వు సాంకేతిక విషయం చెబుతున్నావు, నేను మర్యాద విషయం చెబుతున్నాను. సాంకేతికం ఇవాళ ఉంటుంది, రేపు మారుతుంది. మర్యాద మారదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కెర్నెల్ వేదికపై డ్రైవర్ల ఆహ్వాన క్రమాన్ని శాస్త్రీయంగా, సంప్రదాయబద్ధంగా నిర్ధారించేందుకు ఉన్నతస్థాయి సంఘం వేశారు. మాలకొండయ్యని ప్రత్యేక ఆహ్వానితుడన్నారు. మాట్లాడటానికి అవకాశం ఉండదు గానీ టీ ఇస్తారని దానికి అర్థం.

సంఘానికి ప్రోటోకాల్ సలహాదారుగా సంపూర్ణాచార్యులు గారిని పిలిపించారు. జిల్లాలో ఎక్కడ సభ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండేది. వేదిక మీదికి ఎవరిని ఎప్పుడు పిలవాలో, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో, ఏ బిరుదు ఎవరికి తక్కువైతే కోపమొస్తుందో ఆయనకి కొట్టినపిండి. మంచి మనిషే. ఎవర్నీ నొప్పించడం ఇష్టంలేక, వేదిక కిందున్న వాళ్ళకన్నా వేదిక మీదున్నవాళ్ళు ఎక్కువైన సభలు ఆయన ఎన్నో నడిపారు.

మొదటి సమావేశంలో సంఘ సభ్యుల్ని ఒక్కొక్కరినీ బిరుదులతో వేదిక మీదికి పిలిచి, పూలగుత్తులిచ్చి, కూర్చోబెట్టేసరికి భోజనాల వేళయింది. తిన్నాక అసలు చర్చ మొదలైంది.

"ఎవరెన్ని చెప్పినా పని చేసేది మోటారు," అన్నారు మోటారు విభాగాధిపతి భీమశంకరం గారు, బల్ల గుద్ది. "అది లేకపోతే మీరంతా ఎవరండీ?"

"మోటారు చీకటిగదిలో తిరిగితే ఎవరు చూశారు?" అన్నారు తెర విభాగాధిపతి శోభనాచలం గారు. "జరిగింది అని చూపించేది మా తెర. చూపించనిది జరిగినట్టు పరిగణించజాలమని నిబంధన ఉన్నది."

"గడియారం సంగతి?" అన్నారు ఎవరో.

"గడియారం గోడకి ఉందిగా, మళ్ళీ పెట్టెలో ఎందుకు? పెట్టాలంటే వందన సమర్పణలో పెట్టండి. ఆలస్యమైందని గుర్తు చేయడానికి పనికొస్తుంది."

"సదరు కొలతగొట్టం ఏ హోదాలో ఉన్నది?"

మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. "ట్యాంకు లోపల ఉందండీ. అదే ముందు..."

"లోపలంటే?"

"అడుగునండీ. పాచిలో."

సంఘం పాత ఆహ్వాన పత్రికలు తిరగేసింది. పాచిలో ఉన్నవాణ్ణి తొలుత పిలిచి పెద్దల సరసన కూర్చోబెట్టిన దాఖలా ఎవరికీ గుర్తురాలేదు. పైగా ఆ గొట్టం టెండరు మీద బయట కొన్నది. దానికొక విభాగం లేదు, విభాగాధిపతి లేడు, కాబట్టి దాని తరఫున అలగడానికి మనిషి లేడు. "విభాగాధిపతి లేని పరికరం యొక్క ప్రాధాన్యతను పరిశీలించుటకు వీలుపడదు" అని రాసుకున్నారు.

చివరికి ఖరారైంది ఇది. లింకు ముఖ్య అతిథి. సభాధ్యక్షత తెర. మోటారు విశిష్ట అతిథి, వాల్వు ఆత్మీయ అతిథి. సైరన్‌కి గొంతుంది కనక స్వాగతవచనాలు. గడియారానికి వందన సమర్పణ. కొలతగొట్టం సభికుల్లో కూర్చుంటుంది, వేదిక మీదికి పిలవనక్కర్లేదు. అన్నిటికన్నా పెద్ద తీర్మానం: ముఖ్య అతిథి వచ్చి ఆసీనులయ్యేదాకా ఇంకెవరూ లేవరాదు.

మాలకొండయ్యకి ఉండబట్టలేదు. "అయ్యా, లింకు లేవాలంటే నీళ్ళు పారాలండీ. నీళ్ళు పారాలంటే మోటారు తిరగాలి. మోటారు లేవాలంటే ముందు లింకు లేవాలంటున్నారు. ఇట్టయితే అందరూ ఒకళ్ళకోసం ఒకళ్ళు చూస్తా ఉండిపోతారండీ!"

డైరెక్టర్ గారు సంతోషించారు. "ఒకరికోసం ఒకరు ఆగడం! అంతకన్నా సంస్కారం ఏముందయ్యా? రాసుకోండి, రాసుకోండి, ఈ మాట నివేదికలో ఉండాలి."

మాలకొండయ్య ఆ వరుస ప్రకారమే కెర్నెల్‌ని తిరగరాశాడు. రాయనని చెప్పొచ్చుగదా అంటారేమో. చెబితే అతన్ని తీసి ఇంకొకణ్ణి పెడతారు, వాడూ ఇదే రాస్తాడు. కనీసం నా చేతిలో ఉంటే ఎప్పుడైనా బాగుచేయొచ్చు అనుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున కరెంటు వచ్చింది. పెట్టె మేలుకుంది. సంపూర్ణాచార్యులు గారు రాసిచ్చిన మాటలు కెర్నెల్ నోట ముత్యాల్లా దొర్లాయి: "రాజధానీ రాష్ట్రవాణీ అనుసంధాన ధురంధరులు, వార్తావాహినీ విశారదులు, శ్రీ లింకు గారిని సాదరంగా, సగౌరవంగా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం." లింకు లేచి చూసింది. నీళ్ళు పారడం లేదు. తర్వాత పిలవండని చెప్పి పడుకుంది. అట్టా పడుకుంటే ఇంకాసేపు ఆగి మళ్ళీ పిలవడం కెర్నెల్ అలవాటు. మళ్ళీ పిలిచింది, అన్ని బిరుదులతోనూ. ఎందుకంటే రెండోసారి పిలిచినప్పుడు బిరుదులు తగ్గించకూడదని తీర్మానంలో ఉంది. లింకు మళ్ళీ లేచింది, మళ్ళీ పడుకుంది. ఈ మర్యాదలు జరుగుతూండగానే కరెంటు పోయింది.

గానుగవీధిలో కొళాయిలు కూతేశాయి. బిందెలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎదురింటి కోటమ్మ పెద్దమ్మ కొంగు బొడ్లో దోపుకుని వచ్చింది.

"ఏందయ్యా కొండయ్యా, మీ పెట్టె ఇయ్యాల లేవలేదా?"

"లేచింది పెద్దమ్మా. పిలుపులు జరుగుతున్నయ్."

"పిలుపులేంది? ఎవరింట్లో పెళ్ళి?"

మాలకొండయ్య చొక్కా వేసుకుని ఆఫీసుకి పరిగెత్తాడు.

సంఘం అత్యవసరంగా కూర్చుంది. ముఖ్య అతిథి రాని సభలు సంపూర్ణాచార్యులు గారికి కొత్తేం కాదు. "అనివార్య కారణాల వల్ల వారు రాలేకపోయినా వారి సందేశం చదివి వినిపిస్తాం. సభ ఆగదు. లింకు గారికి ఒక ప్రతినిధిని పెట్టండి నాయనా, వచ్చాను అనడమే ఆయన పని." మాలకొండయ్య అటువంటి ఉత్తుత్తి డ్రైవర్ ఒకటి రాశాడు. అది రోజూ ఠంచనుగా వచ్చానంది. తెర లేచింది. మోటారుని పిలిచారు. మోటారు లేచి, "ట్యాంకులో నీళ్ళెంతున్నాయి?" అని అడిగింది. చెప్పవలసిన కొలతగొట్టం సభికుల్లో నిద్రపోతోంది. మోటారు కూడా పడుకుంది.

"దానికీ ప్రతినిధిని పెట్టండి," అన్నారు డైరెక్టర్ గారు.

"పెడితే ఏం చెప్పించమంటారండీ? లోపల ఎన్ని నీళ్ళున్నాయో ప్రతినిధికి తెలియదు గదండీ."

"శుభమా అని సభ చేసుకుంటూ ఖాళీగా ఉందని చెప్పిస్తామటయ్యా? నిండుగా ఉందని చెప్పించు!"

అట్లాగే చెప్పించారు. ట్యాంకు నిండుగా ఉందంటే మోటారు తిరగవలసిన అవసరమేముంది? అది మహా సంతృప్తిగా ఊరుకుంది. శోభనాచలం గారి తెర మీద మాత్రం ట్యాంకు బొమ్మ అంచులదాకా నీలంగా నిండి తళతళలాడింది. నడివేసవిలో సున్నపుమిట్ట ట్యాంకు నిండటం మండలి చరిత్రలో అదే మొదలు. ఒకరికొకరు మిఠాయిలు తినిపించుకున్నారు. తెర ఫోటో పత్రికలకి వెళ్ళింది.

కోటమ్మ పెద్దమ్మ ఆ పత్రిక పట్టుకుని మళ్ళీ వచ్చింది. "నీళ్ళు ఈడున్నయంట గదా. బిందె యాడ పెట్టమంటావు?"

మాలకొండయ్య మిట్ట ఎక్కి, నిచ్చెన ఎక్కి, ట్యాంకులోకి తొంగిచూశాడు. పాచి ఎండి పెచ్చులూడుతోంది. దిగి తిన్నగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాడు. "సార్, ట్యాంకులో చుక్క లేదండీ. కళ్ళారా చూశాను."

"నువ్వు చూసినదానికి రికార్డు ఉందా?"

"లేదండీ."

"తెర మీద ఉన్నదానికి ఉంది. కూర్చో, మిఠాయి తిను."

తిన్నాడు. గొంతు దిగలేదు. మంచినీళ్ళు అడిగితే అటెండరు సీసా కొనుక్కురమ్మన్నాడు.

ఇంటికొచ్చేసరికి శేషుకుమారి అరుగు మీద ఖాళీ బిందె పక్కన కూర్చుని ఉంది. అక్కగారి ఊరి నుంచి సైకిలు మీద తెప్పించుకున్న నీళ్ళు అడుగంటాయి.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగాడు.

"అనట్లేదండీ. అంటే బాగుండేది. నేనెళ్తే మాట ఆపేస్తున్నారు. మీ మాట నమ్మి ట్యాంకరు మాన్పించుకున్నారు వీళ్ళంతా. వాణ్ణి మళ్ళా పిలిస్తే రానన్నాడంట. సూరమ్మ బాలింత, పసిపిల్లకి నీళ్ళు పోయలేక తడిగుడ్డతో తుడుస్తుంది. నాకు చూడబుద్ధి కాలేదు, ఇంట్లో ఉన్న చెంబెడు పోసొచ్చాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీకు ఆ పెట్టె బాగుచేయడం చేతకాదా, చెయ్యనివ్వట్లేదా? అదొక్కటి చెప్పండి."

"చెయ్యనివ్వట్లేదు శేషూ."

"అయితే ఎట్టాగోట్టా చెయ్యండి. నేను ఈ వీధిలో తలెత్తుకుని తిరగాలి."

అతనికి సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇంతలో ఇంకో ముచ్చట. నిండిన ట్యాంకు సంగతి పత్రికలో చూసి, మండలి చైర్మన్ గారు స్వయంగా వచ్చి పెట్టెని ప్రజలకి అంకితం చేస్తామని రాజధాని నుంచి కబురంపారు. చెరువుగట్టున షామియానా వేశారు. ఆ రోజుకి మాత్రం ప్రత్యేకంగా పొద్దస్తమానం కరెంటిచ్చే ఏర్పాటు చేశారు. చైర్మన్ గారు గెస్ట్‌హౌస్‌లో దిగుతారు, జనం నిండారని కబురొస్తే గాని కదలరు. ఊళ్ళో ఆటోకి మైకు కట్టి తిప్పితే జనం ఒకటే మాటన్నారు: కొళాయిల దగ్గర కాచుకుని ఉన్నాం, నీళ్ళొస్తే పట్టుకుని వస్తాం. చైర్మన్ గారొచ్చి మీట నొక్కాకే నీళ్ళని ఆటోవాడు చెప్పాడు. జనం రానిదే చైర్మన్ రారు, చైర్మన్ రానిదే నీళ్ళు రావు, నీళ్ళు రానిదే జనం రారు. ఇందులోనూ సంస్కారం ఉందని డైరెక్టర్ గారికి ఈసారి అనిపించలేదు. మాలకొండయ్యని తన గదికి పిలిపించారు.

"మాలకొండయ్యా, రేపు పొద్దున ఊళ్ళోకి నీళ్ళు రావాలి. ఆహ్వాన క్రమంలో అక్షరం మారకూడదు. రెండూ జరగకపోతే నువ్వు ఈ జిల్లాలో ఉండవు."

మాలకొండయ్య బల్ల మీద రేపటి కార్యక్రమ పత్రం ఉంటే చేతిలోకి తీసుకున్నాడు. ఊరికే చూస్తున్నాడు. ముఖ్య అతిథి, అధ్యక్షులు, విశిష్టులు, ఆత్మీయులు, అందరికీ వరస సంఖ్యలు, బిరుదులు, సంతకాలు. అన్నిటికీ పైన, సంఖ్య లేకుండా, పేరు లేకుండా, ఒక్క మాట ఉంది: ప్రార్థన.

పత్రం పట్టుకుని షామియానా దగ్గర మైకు సరిచూసుకుంటున్న సంపూర్ణాచార్యులు గారి దగ్గరికి వెళ్ళాడు.

"ఆచార్యులు గారూ, ఈ ప్రార్థన ఎవరు చేస్తారండీ?"

"ఎవరో ఒకరు నాయనా. పక్కింటి అమ్మాయెవరో వస్తుంది, పాడి వెళ్ళిపోతుంది."

"మరి ఆ అమ్మాయి హోదా, వరుస..."

"ప్రార్థనకి ప్రోటోకాల్ ఏమిటయ్యా? సభ అప్పటికింకా మొదలే కాలేదు. మొదలుకాని దాంట్లో ముందెవరు, వెనకెవరు?"

"పేర్లు వేయాలా?"

"ప్రార్థనలో ఉన్నవాళ్ళ పేర్లు వేసే ఆచారం లేదు."

"ఎంతసేపు ఉండొచ్చండీ?"

"భక్తి ఉన్నంతసేపు," అన్నారాయన ప్రేమగా.

మాలకొండయ్య ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేసి పంపుహౌసుకి నడిచాడు. ఆహ్వాన క్రమంలో అక్షరం ముట్టుకోలేదు. దానికి ముందు ఒక చిన్న భాగం చేర్చి దానికి ప్రార్థన అని పేరు పెట్టాడు. అందులో గడియారాన్ని లేపాడు. తెరని లేపి, దాని మీద దీపం బొమ్మ పెట్టి, "ప్రార్థన జరుగుచున్నది" అని రాయించాడు. ఆ దీపం వెనకాల పాచిలోని కొలతగొట్టాన్ని లేపాడు, వాల్వు తెరిపించాడు, సైరన్‌ని మేల్కొలిపాడు, మోటారు తిప్పాడు. నీళ్ళు పారాక లింకుని కూడా. ప్రార్థన ముగిశాక సభ యథావిధిగా మొదలవుతుంది. ముఖ్య అతిథిని బిరుదులతో పిలుస్తారు, ఉత్తుత్తి ప్రతినిధుల అవసరం లేకుండా, అప్పటికే లేచి పని చేసుకుంటున్న లింకు ఒక్క పలుకు పలుకుతుంది. ఎవరికీ ఏ లోటూ రాదు.

తెల్లవారింది. గానుగవీధిలో కొళాయి ముందు గాలి కూసింది, తర్వాత దగ్గింది, తర్వాత ఎర్రగా చిమ్మింది, ఆ తర్వాత తేటగా దూకింది. "వచ్చినయ్యే! వచ్చినయ్!" అని కోటమ్మ పెద్దమ్మ వీధి ఆ చివర దాకా వినబడేట్టు అరిచింది. శేషుకుమారి తన బిందె పక్కకి జరిపి ముందు సూరమ్మ బిందె పెట్టించింది. మాలకొండయ్య అరుగు మీద నిలబడి పిచ్చివాడిలా నవ్వాడు. ఎన్నాళ్ళకి వెలిగింది ఆ మొహం!

బిందెలు నిండినవాళ్ళు స్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టి, షామియానాకి వెళ్ళారు. జనం నిండారని కబురందింది. చైర్మన్ గారు గెస్ట్‌హౌస్ నుంచి కదిలారు. అందర్నీ వేదిక మీదికి పిలిచారు, అందరికీ శాలువాలు కప్పారు. చైర్మన్ గారు మీట నొక్కి పెట్టెని ఆపి, మళ్ళీ నొక్కి మేలుకొలిపారు. జనానికి కనిపించేలా పక్కన పెద్ద తెర కట్టారు. దాని మీద దీపం వెలిగింది. ప్రార్థన జరుగుచున్నది.

చైర్మన్ గారు దైవభక్తులు. చటాలున లేచి చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. వేదిక మొత్తం లేచింది. జనం లేచారు. ఆ నిశ్శబ్దంలో పంపుహౌసులోంచి వాల్వు టకటకలాడింది, సైరన్ కూసింది, మోటారు ఘుర్రుమని అందుకుంది. మాలకొండయ్యకి ఆ చప్పుడు ఎంత కమ్మగా వినిపించిందో చెప్పలేను.

ఆ తర్వాత పిలుపులన్నీ దివ్యంగా జరిగాయి. లింకు గారు పలికారు, తెర గారు పలికారు, మోటారు గారిని పిలిచినప్పుడు భీమశంకరం గారు లేచి నిలబడి తామే నమస్కారం పెట్టారు. చివరికి చైర్మన్ గారు మైకు ముందుకొచ్చారు.

"ఈ మండలి సాధించిన ప్రగతి చూసి నా హృదయం ఉప్పొంగుతోంది. ముఖ్యంగా యంత్రం చేత కూడా ప్రార్థన చేయించాలన్న ఆలోచన మహోన్నతం!" చప్పట్లు మోగాయి. డైరెక్టర్ గారు తలవంచి ఆ చప్పట్లు స్వీకరించారు. "అయితే ఒక్క లోపం గమనించాను. ప్రార్థన సమయంలో మనమంతా నిశ్చలంగా నిలబడి ఉంటే, లోపల మోటారు తిరుగుతోంది! వాల్వు కదులుతోంది! సైరన్ అరుస్తోంది! ఇది అపచారం కాదా?"

"అపచారమే!" అన్నారు వేదిక మీదివాళ్ళు.

"కాబట్టి రేపటి నుంచి, ఈ ఊళ్ళోనే కాదు, రాష్ట్రంలోని ప్రతి పంపుహౌసులోనూ, ప్రార్థన జరుగుతున్నంతసేపూ సమస్త పరికరాలూ కదలక మెదలక ఉండాలని ఇక్కడికిక్కడే ఆదేశిస్తున్నాను. ఎంత పెద్ద ప్రార్థన అయితే అంత మంచిది."

మళ్ళీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా. నీళ్ళు పట్టుకుని వచ్చిన జనం కూడా, అర్థమైనా కాకపోయినా, కొట్టారు.

మాలకొండయ్య షామియానా వెనక్కి వెళ్ళి ఫోను తీశాడు. లోపల వందన సమర్పణ మొదలైంది. మైకు వాళ్ళకి, కుర్చీల వాళ్ళకి, పూల వాళ్ళకి పేరుపేరునా ధన్యవాదాలు చెబుతున్నారు.

"శేషూ, నీళ్ళింకా వస్తున్నయ్యా?"

"ధారగా వస్తున్నయ్యండీ! అన్నీ నింపేశాను. బిందెలు, గంగాళం, తొట్టి. మీటింగు బాగా జరిగిందా?"

"బాగా జరిగింది. ఇంట్లో ఇంకా ఖాళీవి ఏమన్నా ఉన్నయ్యా?"

"గిన్నెలున్నయ్, గ్లాసులున్నయ్. అవెందుకండీ? రేపు కూడా వస్తయ్ గదా?"

మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. అతను కాసేపు అటు చెవి పెట్టి విన్నాడు.

"అవి కూడా పట్టెయ్," అన్నాడు. "కోటమ్మ పెద్దమ్మకీ, సూరమ్మకీ చెప్పు. ఇంట్లో ఉన్న చెంబుల్తో సహా నింపుకోమను."